పొగ తిప్పే చక్రం

జలదంకి సెంటరులో సాయంకాలం పూట కాసేపు నిలబడితే ఇటువంటి సంగతి ఒకటి కంటబడుతుంది. కావలి వైపు నుంచి ఒక అద్దె కారు జోరుగా వచ్చి ఆగుతుంది. అందులోవాళ్లు దిగి, సంచులూ బుట్టలూ దించుకుంటారు. డ్రైవరు మాత్రం ఇంజను ఆపడు. కారు నిలబడే గుడగుడమంటూ ఉంటుంది.

"ఏందయ్యా, ఆపవేం? డీజిలు ఊరికే వస్తున్నదా?" అంటాడు దిగిన పెద్దాయన.

"ఒక్క నిమిషం పెద్దాయనా, టర్బో చల్లారాలి," అంటాడు డ్రైవరు.

పెద్దాయనకు ఈ మాట నచ్చదు. నిలబడిన కారు నూనె తాగుతూ ఉంటే ఎవరికి మాత్రం నచ్చుతుంది? కాని డ్రైవరు ఒట్టి సోమరితనం వల్ల అట్లా చేస్తున్నాడా, లేక దానికి కారణం ఉన్నదా? ఇది తేల్చాలంటే ఆ కారు ముందు మూత కింద ఏమి జరుగుతున్నదో తెలుసుకోవాలి.

మీలో చాలామంది సైకిలు చక్రానికి పంపుతో గాలి కొట్టి ఉంటారు. నాలుగు సార్లు గట్టిగా కొట్టగానే పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. గాలిని ఇరుకులోకి నొక్కితే అది వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను నడిచేది ఈ ఒక్క కిటుకు మీదనే. సిలిండరులో పిస్టను పైకి వస్తూ గాలిని దాదాపు పదిహేడో వంతుకు అదిమేస్తుంది. అప్పుడు ఆ గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే భగ్గున మండుతుంది. పెట్రోలు బండికి మల్లే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు దీనికి అక్కర లేదు. నిప్పు లేకుండానే మండే ఈ గుణం ఒక్కొక్కప్పుడు పెద్ద చిక్కు కూడా తెస్తుంది. దాన్ని చివర చెబుతాను.

ఈ యంత్రాన్ని కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ జర్మను ఇంజనీరు. 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో ఆయన ఇంజను నికరంగా నడిచింది. ఆ కాలపు ఆవిరి యంత్రాలు బొగ్గు వేడిలో నూటికి పది పాళ్లు పనిగా మార్చడమే గొప్ప. డీజిల్ ఇంజను ఇరవై ఆరు పాళ్లు మార్చింది. 1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు కూడా! మన మెట్ట రైతులు ఈ ముచ్చట వింటే సంతోషిస్తారు.

ఇంత మంచి ఇంజనుకు ఒక లోపం ఉండేది. దానికి ఊపిరి చాలేది కాదు. డీజిలు ఎంత పోసినా, దాన్ని పూర్తిగా మండించేటంత గాలి ఉంటే తప్ప లాభం లేదు. గాలి చాలకపోతే మిగిలిన డీజిలు నల్లని మసిగా మారి పొగగొట్టంలోంచి పోతుంది. ఎక్కువ బలం కావాలంటే ఎక్కువ గాలి కావాలి. ఎక్కువ గాలి పట్టాలంటే సిలిండర్లు పెద్దవి కావాలి. అప్పుడు ఇంజను బరువెక్కుతుంది. అందుకనే చాలాకాలం డీజిల్ ఇంజను ఓడలకూ, లారీలకూ, పొలంలో నీళ్లు తోడడానికీ పనికివచ్చిందే కాని, చిన్న కారులో ఒదగలేదు.

ఈ చిక్కు విడదీసినవాడు ఆల్ఫ్రెడ్ బూఖి అనే స్విట్జర్లాండు ఇంజనీరు. ఇంజనులోంచి బయటికి పోయే పొగ చాలా వేడిగా, గొప్ప ఊపుతో పోతుంది. మనం పోసిన నూనె శక్తిలో ఇంచుమించు మూడో వంతు ఆ పొగ వెంట గాలిలో కలిసిపోతుంది. "పారేసేదాన్ని పట్టుకుని పని చేయిస్తే పోలా?" అన్నట్టుగా ఉన్నది ఆయన ఆలోచన. 1905లో ఆయన దీనికి పేటెంటు పొందాడు. పద్ధతి ఇది: ఒక కడ్డీకి ఈ కొసన ఒక రెక్కల చక్రం, ఆ కొసన మరొక రెక్కల చక్రం. మొదటి చక్రాన్ని పొగ తిప్పుతుంది. అది తిరిగితే అదే కడ్డీ మీద ఉన్న రెండో చక్రం కూడా తిరిగి, బయటి గాలిని లాగి ఇంజనులోకి కుక్కుతుంది. ఎక్కువ గాలి దొరికితే ఎక్కువ నూనె మండుతుంది, ఎక్కువ పొగ వస్తుంది, చక్రం ఇంకా జోరుగా తిరుగుతుంది. దీనినే ఇప్పుడు టర్బో అంటున్నాము.

ఆలోచన బాగానే ఉన్నది గాని, అంత వేడినీ అంత వేగాన్నీ తట్టుకునే లోహాలు అప్పట్లో లేవు. బూఖి ఇరవై ఏళ్లు ఓపిక పట్టాడు. 1920ల్లో జర్మనీలోని రెండు ప్రయాణికుల ఓడలకు టర్బోలు అమర్చగా, 1,750 అశ్వశక్తి గల ఇంజన్లు 2,500 అశ్వశక్తి ఇచ్చాయి. సిలిండర్లు పెంచకుండానే!

ఈలోగా అమెరికాలో ఒక సరదా అయిన పరీక్ష జరిగింది. విమానం పైకి పోయినకొద్దీ గాలి పలచబడి ఇంజను నీరసించేది. 1918లో శాన్‌ఫర్డ్ మాస్ అనే ఇంజనీరు ఒక విమానం ఇంజనును లారీ మీద కట్టి, పైక్స్ పీక్ అనే పర్వతం మీదికి తీసుకుపోయాడు. ఆ శిఖరం ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. మన ఉదయగిరి దుర్గం ఉన్న కొండ ఎత్తు సుమారు మూడువేల అడుగులే. అటువంటి కొండలు నాలుగు ఒకదానిమీద ఒకటి పెట్టినా ఇంకా వెలితే! అక్కడి గాలి నేలమీది గాలిలో అయిదింట మూడు వంతులే ఉంటుంది. కింద 350 అశ్వశక్తి ఇచ్చిన ఇంజను పైన ఊరికే నడిపితే 230 దాకా పడిపోయింది. టర్బో తగిలించగానే మళ్లీ 350 దాటింది. ఊపిరి అందిస్తే ఎంత మార్పో చూశారా?

కార్లలోకి టర్బో డీజిల్ ఇంజను వచ్చేసరికి 1978 అయింది. ఆ ఏడు మెర్సిడెస్ కంపెనీ దాన్ని మొదటిసారి అమ్మకానికి పెట్టింది. అది డబ్బున్నవాళ్ల కారు. జలదంకి, కలిగిరి, వింజమూరు, ఉదయగిరి రోడ్ల మీదికి టర్బో రావడానికి మరెన్నో ఏళ్లు పట్టింది.

అట్లా వచ్చినవాటిలో అందరికన్నా పేరు తెచ్చుకున్న ఇంజను ఒకటి ఉన్నది. ఇటలీకి చెందిన ఫియట్ కంపెనీ 2003లో తయారుచేసిన 1.3 మల్టీజెట్ అది. 2005లో దానికి తన తరగతిలో ఆ సంవత్సరపు మేటి ఇంజనుగా అంతర్జాతీయ బహుమానం వచ్చింది. మన దేశంలో 2007లో మారుతి స్విఫ్ట్ డీజిల్‌లోకి వచ్చింది. తరువాత డిజైర్‌లోకీ, టాటా విస్టాలోకీ, ఫియట్ వారి సొంత కార్లలోకీ ఎక్కింది. హర్యానాలోని మానేసర్‌లోనూ, మహారాష్ట్రలోని రంజన్‌గావ్‌లోనూ దీన్ని తయారుచేశారు. ఒకే ఇంజను ఇన్ని కంపెనీల కార్లలో ఉండడం చూసి కొందరు దానికి "జాతీయ ఇంజను" అని పేరు పెట్టారు. ఆ పేరు తగిందే.

దాని కొలతలు చూడండి. సిలిండర్లు నాలుగు. ఒక్కొక్క దాని వ్యాసం 69.6 మిల్లీమీటర్లు, పిస్టను కదిలే దూరం 82 మిల్లీమీటర్లు. నాలుగూ కలిపి 1248 సి.సి., అనగా లీటరూ పావు. లెక్కలంటే ఇష్టమైనవారు వృత్తం వైశాల్యం సూత్రంతో ఈ 1248 ఎట్లా వచ్చిందో కట్టి చూసుకోవచ్చు. ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి లీటరూ పావు గాలి పీలుస్తుంది. నిమిషానికి రెండువేల చుట్లు తిరిగితే 1248 లీటర్లు. బిందెకు పదిహేను లీటర్లు అనుకుంటే నిమిషానికి ఎనభై మూడు బిందెల గాలి! ఇది టర్బో లేకుండా. టర్బో తోస్తే ఇంకా ఎంతో ఎక్కువ.

ఫలితం ఏమిటంటారా? 1998లో వచ్చిన టాటా ఇండికా మీ నాన్నగారికి బాగా గుర్తుంటుంది. దాని మొదటి డీజిల్ ఇంజనుకు టర్బో లేదు. 1405 సి.సి. అయినా దాని బలం 53 అశ్వశక్తి. దానికంటె చిన్నదైన మల్టీజెట్ బలం 75 అశ్వశక్తి. తిప్పే బలంలో తేడా మరీ ఎక్కువ. మెకానిక్కులు దీన్ని టార్క్ అంటారు. ఒక ఇరుసుకు మీటరు పొడవు చువ్వ అడ్డంగా బిగించి, దాని కొసన బరువు కట్టారనుకోండి. ఇండికా ఇంజను ఎనిమిదిన్నర కిలోల బరువును ఎత్తగలిగితే, మల్టీజెట్ పందొమ్మిది కిలోలు ఎత్తుతుంది. పెళ్లివారు ఎనిమిదిమంది ఎక్కి, డిక్కీలో సామాను కుక్కినా కారు కదలడానికి కారణం ఇదే. ఎక్కించడం తప్పనుకోండి, అది వేరే సంగతి.

అయితే ఈ పందొమ్మిది కిలోల బలం ఇంజను నిమిషానికి రెండువేల చుట్ల దగ్గర ఉన్నప్పుడే వస్తుంది. అంతకు బాగా తక్కువలో ఉంటే పొగకు చక్రాన్ని తిప్పే ఊపు ఉండదు. అందుచేత ఈ కార్లు గేదె అడ్డం వచ్చి నెమ్మదించిన తరువాత ఒక క్షణం తటపటాయించి, ఉన్నట్టుండి ఎగిరి దూకుతాయి. ఇది జబ్బు కాదు, దాని స్వభావం. గేరు తగ్గిస్తే సరిపోతుంది. ఇది తెలియక "పికప్ లేదు" అని మెకానిక్కు దగ్గరికి పరుగెత్తి డబ్బు వదిలించుకున్నవారు ఉన్నారు.

ఇక డ్రైవరు మాట. టర్బో చక్రం అరచేతిలో ఇమిడేటంతే ఉంటుంది. కాని నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది. చిన్న టర్బోలు కొన్ని రెండు లక్షల దాకా పోతాయి. మీరు రెప్ప వేసి తెరిచేలోగా కొన్ని వందల చుట్లు! ఒక పక్క చక్రాన్ని ఆరేడు వందల డిగ్రీల పొగ కాలుస్తూ ఉంటుంది. ఇంత వేగంలో కడ్డీ దాని గూటిని తాకితే క్షణంలో అరిగిపోతుంది. తాకకుండా కాపాడేది ఒకటే: వెంట్రుక మందం కూడా లేని ఇంజను ఆయిలు పొర. కడ్డీ ఆ ఆయిలు మీద తేలుతూ తిరుగుతుంది. ఆయిలే దాని వేడిని కూడా లాక్కుపోతుంది.

ఆ ఆయిలును తోసే పంపు ఇంజనుతో పాటే తిరుగుతుంది. హైవే మీద జోరుగా వచ్చి టక్కున తాళం తిప్పితే పంపు ఆగిపోతుంది. టర్బో చక్రం మాత్రం ఆ ఊపున ఇంకా తిరుగుతూనే ఉంటుంది, కాలుతూనే ఉంటుంది. లోపల నిలిచిపోయిన కాస్త ఆయిలూ మాడుతుంది. మీ అమ్మ పొయ్యి మీద నూనె మూకుడు మరిచిపోతే అడుగున నల్లగా, గట్టిగా అంటుకుపోతుందే, అచ్చం అట్లాగే. ఆ మాడు ఆయిలు పోయే సన్నని దారులను పూడుస్తుంది. ఇది ఒక్క రోజులో జరిగే పని కాదు. రోజుకు కాస్త, రోజుకు కాస్త పేరుకుని, ఒకనాడు కడ్డీ ఎండిపోయి టర్బో కీచుమని అరుస్తుంది. కొత్త టర్బో వేయించాలంటే పదుల వేల రూపాయలు. కారు వాయిదాలు కట్టుకుంటూ అద్దెకు తిప్పే మనిషికి అది కొన్ని నెలల సంపాదన. పైగా బండి ఆగిన రోజులన్నీ కూలి లేదు. నడిరాత్రి నొప్పులు వచ్చిన మనిషిని నెల్లూరు తీసుకుపోతూ ఉండగా దారిలో అట్లా జరిగితే ఏమనుకోవాలి?

కనక డ్రైవరు చెప్పింది నిజమే. జోరుగా వచ్చినప్పుడు ఒక నిమిషం నిదానంగా తిరగనిస్తే ఆయిలు ఆ వేడిని లాగేస్తుంది. పెద్దాయన మాటలో కూడా కొంత న్యాయం లేకపోలేదు. ఊళ్లోకి వచ్చాక సందుల్లో నెమ్మదిగా నడుస్తూ ఇంటికి చేరిన కారు దారిలోనే చల్లారి ఉంటుంది. దాన్ని మళ్లీ అయిదు నిమిషాలు నిలబెట్టి తిప్పితే దండగే. పొద్దున్నే స్టార్టు చేసిన వెంటనే ఆక్సిలేటరు తొక్కి గర్జింపజేయడం మాత్రం ఎవరికీ పనికిరాదు. ఆయిలు టర్బో దాకా ఎక్కడానికి కొన్ని సెకండ్లయినా వ్యవధి ఇవ్వాలి.

ఈ ఇంజనుకు ఆయిలు మరొక విధంగా కూడా ప్రాణం. లోపలి వాల్వులను తిప్పడానికి బెల్టు బదులు ఒక సన్నని ఇనప చైను పెట్టారు. ఆ చైనును బిగువుగా ఉంచేది కూడా ఆయిలు ఒత్తిడే. మారుతి వారు పదివేల కిలోమీటర్లకు ఒకసారి ఆయిలు మార్చమన్నారు. పట్టేది మూడు లీటర్లకు కాస్త అటూ ఇటూ. "ఇంకో అయిదువేలు పోనీలే" అని సాగదీసినా, చవకగా దొరికిందని డబ్బాలో పోసి అమ్మే ఏదో ఒక ఆయిలు పోసినా చైను సాగుతుంది. పొద్దున స్టార్టు చెయ్యగానే గొలుసు గలగలలాడిన చప్పుడు వస్తే అదే గుర్తు. దాన్ని లెక్కచెయ్యకుండా తిప్పితే చైను పన్ను తప్పి, పిస్టన్లు పోయి వాల్వులను కొడతాయి. అంతటితో ఇంజను కథ సరి.

మిగతా జబ్బులను పొగ రంగును బట్టి చాలావరకు పసిగట్టవచ్చు. వైద్యుడు నాలుక చూసినట్టు మంచి మెకానిక్కు ముందు సైలెన్సరు వైపు చూస్తాడు. నల్లపొగ వస్తే గాలి చాలలేదన్నమాట. మన మెట్ట ప్రాంతంలో ఎండాకాలం మట్టిరోడ్ల మీద తిరిగే కార్లకు ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడిపోవడం మామూలు. అది వందలలో పోయే ఖర్చు. లేదా టర్బో నుంచి గాలి తీసుకుపోయే రబ్బరు గొట్టం ఎక్కడో చీలి ఉంటుంది. అప్పుడు బుస్సుమనే చప్పుడు కూడా వినిపిస్తుంది, కారు లాగదు. గొట్టం చీలితే టర్బో మార్చాలని చెప్పేవాణ్ణి నమ్మకండి. నీలంగా పొగ వస్తే ఇంజను ఆయిలు మండుతున్నదని అర్థం. టర్బో ఆయిలు సీలు పోయి ఉండవచ్చు, పిస్టను రింగులు అరిగి ఉండవచ్చు. ఇంజను వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే, రేడియేటరు నీళ్లు ఏ దారినో సిలిండరులోకి పోతున్నాయేమో చూడాలి.

పొగలో ఏమీ తెలియకుండా వచ్చే జబ్బు ఒకటి ఉన్నది. అది నీళ్లు కలిసిన డీజిలు. ఈ ఇంజనులో డీజిలును గాలి ఒత్తిడికి వెయ్యి రెట్లకు పైబడిన ఒత్తిడితో, సూదిమొన వంటి రంధ్రాలగుండా చిమ్ముతారు. తుప్పు రేణువు ఒక్కటి పోయినా, నీటి బొట్టు పోయినా ఇంజెక్టరు చెడుతుంది. డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదిలెయ్యాలి. కిరసనాయిలు కలిపి చవకగా నడపాలనుకునేవాళ్లు ఆదా చేసినదానికి ఎన్నో రెట్లు పంపుకూ ఇంజెక్టర్లకూ సమర్పించుకుంటారు.

2020 ఏప్రిల్ నుంచి మన దేశంలో బి.ఎస్. 6 అనే కఠినమైన పొగ నియమాలు వచ్చాయి. అప్పుడే మారుతి వారు డీజిల్ కార్లు చెయ్యడం మానేశారు. ఆ పాత స్విఫ్ట్‌లూ డిజైర్లూ ఇప్పుడు ముసలివవుతున్నాయి, వాటిని జాగ్రత్తగా చూసుకోవలసింది ఇప్పుడే. డీజిల్ కథ అంతటితో ముగియలేదు. అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్‌కు 1493 సి.సి. టర్బో డీజిల్ ఇంజను పెట్టారు. దాని బలం 115 అశ్వశక్తి. తడకు చేరువలో శ్రీసిటీలో 2016 నుంచి ఇసుజు వారి డీజిల్ బండ్లు తయారవుతున్నాయి. వారి వి-క్రాస్ మొదట 2499 సి.సి. ఇంజనుతో వచ్చింది. తరువాత 1898 సి.సి. ఇంజను పెట్టారు. ఇంజను చిన్నదయింది, బలం మాత్రం 134 నుంచి 160 దాటింది.

ఈ కొత్త కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. అది నిండగానే లోపలే మసిని కాల్చి శుభ్రం చేసుకుంటుంది. అందుకు బాగా వేడి కావాలి. రోజూ రెండు మైళ్లు పోయి ఆగే కారుకు ఆ వేడి రాదు, జల్లెడ పూడిపోతుంది. అప్పుడు ముందు దీపం వెలుగుతుంది. హైవే మీద ఇరవై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే చాలావరకు సర్దుకుంటుంది. "మైలేజీ తగ్గుతున్నది" అని ఆ జల్లెడను పీకించేవాళ్లు ఉన్నారు. అది చట్టరీత్యా నేరం. పైగా డీజిలు పొగ మనుషులకు క్యాన్సరు తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2012లో తేల్చి చెప్పారు. అందుచేత పొగ చిమ్ముతూ నిలబడిన బండి వెనక మీరు ఎన్నడూ నిలబడకండి, బస్సు కోసమైనా సరే.

చివర చెబుతానన్న చిక్కు ఒకటి మిగిలింది. టర్బో సీలు పూర్తిగా తెగిపోతే ఆయిలు ధారగా ఇంజను ఊపిరిలోకి పోతుంది. డీజిల్ ఇంజనుకు నిప్పురవ్వ అక్కర లేదు గదా, ఆ ఆయిలునే తిని పిచ్చిగా తిరగడం మొదలుపెడుతుంది. తాళం తీసినా ఆగదు! చప్పుడు అరుపుగా మారుతుంది, పొగ మేఘంలాగా కమ్ముతుంది. అనుభవం గల డ్రైవర్లు బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్చి వదిలి ఇంజనును బలవంతాన ఆపుతారు. ఇది చాలా అరుదు. ఎప్పుడైనా కళ్లబడితే చోద్యం చూస్తూ నిలబడకండి, దూరంగా పరుగెత్తండి. అంత వేగంలో ఇంజను పగిలితే ముక్కలు మూత చీల్చుకుని బయటికి వస్తాయి.